హొసకోటె దగ్గర మూడు కార్లకు జాగా కావాలి

కోలారు_రోడ్డు
శుక్రవారం, రాత్రి 9.40

మేము నలుగురం బెంగళూరులో మారతహళ్లి వంతెన దగ్గర ఒకే భవనంలో పనిచేస్తాం. ఒకాయన కోలారు నుంచి వస్తారు, ఇంకొకాయన మాలూరు నుంచి, ఒకామె చింతామణి రోడ్డు వైపు నుంచి. నాది బెంగళూరుకు తూర్పున హొసకోటె ఊరి బయట కొత్తగా వేసిన లేఅవుటు. ఎవరు ఎటు నుంచి బయలుదేరినా హొసకోటె దాటాక అందరిదీ ఒకటే దారి: బూదిగెరె క్రాస్, కె.ఆర్. పురం వేలాడే వంతెన, అక్కడ ఎడమకు తిరిగితే ఔటర్ రింగ్ రోడ్డు. కారుకు ఒక్క మనిషి చొప్పున నాలుగు కార్లు ముందూ వెనకా నత్తనడక నడుస్తాయి. సిగ్నల్ దగ్గర అద్దం దించి పలకరించుకుంటాం కూడా.

హొసకోటెలో కలుసుకుని ఒకే కారులో వెళ్దామని అందరికీ ఉంది. మనుషులు దొరికారు, సమయం కుదిరింది. మిగిలిన మూడు కార్లను ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఎక్కడ ఉంచాలన్నదే తేలడం లేదు. సర్వీసు రోడ్డు మీద పెడితే చక్రానికి తాళం పడుతుంది. పెట్రోలు బంకువారు మొదట మొహమాటానికి ఊరుకున్నా తరువాత మొహం చిట్లిస్తారు. హోటల్ ముందు పెట్టాలంటే రోజూ అక్కడే టిఫిన్ తినాలి.

విదేశాల్లో హైవే ఎక్కే చోట సరిగ్గా ఇందుకోసమే పార్కింగు స్థలాలు కడతారని విన్నాను. చూసినవారు చెప్పండి. మన దగ్గర అలాంటిది కుదురుతుందా?

సుధా_హెచ్ఎస్ఆర్
శుక్రవారం, రాత్రి 10.05

యాప్‌లు ఉన్నాయి కదా. క్విక్ రైడ్ అయితే ఈ ఊళ్లో పుట్టినదే.

కోలారు_రోడ్డు
శుక్రవారం, రాత్రి 10.12

యాప్ మనుషులను వెతికిపెడుతుందండీ. వాళ్లు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. నాకు లేనిది జాగా.

లియాన్_తెలుగువాడు
శనివారం, ఉదయం 11.30

ఫ్రాన్సులో ఉంటున్నాను కాబట్టి చెబుతాను. ఇక్కడ హైవే టోల్ గేట్ల పక్కన, హైవే దిగగానే వచ్చే కూడళ్ల దగ్గర ఇలాంటి స్థలాలు చాలా ఉన్నాయి. చాలా చోట్ల ఉచితం. కొన్ని ముప్పై, నలభై కార్లు పట్టేవే. పెద్ద హంగులేమీ ఉండవు. ఒక బోర్డు, నేల మీద గీతలు, దీపాలు, పక్కన బస్సు ఆగే చోటు, సైకిళ్లకు చిన్న షెడ్డు. లారీలు, కారవాన్లు దూరకుండా ప్రవేశం దగ్గర పైన అడ్డంగా ఒక ఇనుప కమ్మీ. ఈ కమ్మీ సంగతి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర అది లేకపోతే తెల్లారేసరికి టిప్పర్లతో నిండిపోతుంది.

ఇవి ఎలా వచ్చాయన్నది మీకు పనికొస్తుంది. ప్రభుత్వం ముందుగా ప్రణాళిక వేసి కట్టినవి కావు చాలావరకు. జనమే టోల్ గేటు ముందు గడ్డిలో, కూడలి అంచున కార్లు వదిలేసి, కలిసి వెళ్లడం మొదలుపెట్టారు. అవి దారికి అడ్డమవుతుంటే స్థానిక సంస్థలూ హైవే నడిపే కంపెనీలూ కలిసి ఆ పక్కనే పద్ధతిగా స్థలం చేసి ఇచ్చాయి. ఎక్కడ కట్టాలో తెలుసుకోవడానికి సర్వే అక్కరలేకపోయింది, కార్లు ఆగిన చోటే చూపించింది.

ఇప్పుడు ఇది జాతీయ విధానంలో భాగం. రోజుకు 9 లక్షలుగా ఉన్న ఉమ్మడి కారు ప్రయాణాలను 2027 నాటికి 30 లక్షలకు చేర్చాలని 2022 డిసెంబరులో లక్ష్యం పెట్టుకున్నారు. 2023 జనవరి నుంచి, యాప్ ద్వారా కొత్తగా తోటివారిని ఎక్కించుకోవడం మొదలుపెట్టిన డ్రైవరుకు 100 యూరోల బహుమతి ఇచ్చారు. మొదటి ప్రయాణానికి 25, మూడు నెలల్లో పది పూర్తయితే మిగతా 75. మా ఊరి మీదుగా వెళ్లే రోడ్డులో 2020 చివరి నుంచి రద్దీ వేళల్లో ఒక వరుస మీద తెల్లని వజ్రం గుర్తు వెలుగుతుంది. అది వెలిగినప్పుడు కారులో కనీసం ఇద్దరు ఉంటేనే అందులో వెళ్లాలి. ఒంటరిగా దూరితే 135 యూరోలు కట్టాలి.

నన్నడిగితే బహుమతి కన్నా బోర్డు ఎక్కువ పనిచేసింది. రోజూ ఆ దారిన ఒంటరిగా పోయేవాడి కంట అది పడుతూనే ఉంటుంది.

పాత_ఇంజనీరు
శనివారం, మధ్యాహ్నం 1.15

రోడ్ల పనిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివారు దాటేయండి.

ముందు స్థలం సంగతి. బెంగళూరులో పార్కింగుకూ ప్రజా రవాణాకూ ముడిపెట్టే ప్రయత్నం జరగలేదని కాదు. శాంతినగర్, జయనగర్, విజయనగర్, యశ్వంతపుర, దొమ్మలూరు వంటి చోట్ల నగర బస్సు సంస్థ బీఎంటీసీ పెద్ద ట్రాఫిక్ కేంద్రాలు కట్టింది. నగరాల అభివృద్ధికి కేంద్రం ఇచ్చిన జె.ఎన్.ఎన్.యు.ఆర్.ఎం. పథకం నిధులతో. కింద బస్సులు, పైన అంతస్తుల్లో కార్లు, దుకాణాలు. కారు ఇక్కడ పెట్టి బస్సెక్కండి అన్నది ఆలోచన. మంచిదే. కానీ హొసకోటె నుంచి శాంతినగర్ దాకా కారులో వచ్చినవాడు పడాల్సిన పాట్లన్నీ అప్పటికే పడి ఉంటాడు. మిగిలిన నాలుగు కిలోమీటర్లకు వాడు కారు ఎందుకు దిగుతాడు?

కారు దిగే చోటు రద్దీకి ముందు రావాలి. హొసకోటె గరాటు మెడ లాంటిది. కోలారు వైపు నుంచి జాతీయ రహదారి 75, మాలూరు రోడ్డు, చింతామణి రోడ్డు అక్కడికే చేరుతున్నాయి. దొబ్బస్‌పేట, దొడ్డబళ్లాపుర మీదుగా వచ్చే శాటిలైట్ రింగ్ రోడ్డు అక్కడికే వచ్చింది. చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యేదీ అక్కడే. ఆ ఎక్స్‌ప్రెస్‌వే పూర్తిగా తెరుచుకుంటే ఈ మెడ మీద బరువు ఇంకా పెరుగుతుంది. ఉత్తరాన దేవనహళ్లి, దక్షిణాన అత్తిబెలె, పడమర నెలమంగళ కూడా ఇలాంటివే. నాలుగు దిక్కులా నాలుగు చోట్లు, ఇంతకన్నా పరిశోధన అక్కరలేదు.

ఇక లెక్క. ఒక కారుకు నిలిచే చోటు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. లోపల తిరిగే దారి కలిపితే కారుకు పాతిక నుంచి ముప్పై చదరపు మీటర్లు. ఎకరం అంటే నాలుగు వేల పైచిలుకు చదరపు మీటర్లు కదా, సుమారు 140 కార్లు పడతాయి. కాంక్రీటు అవసరం లేదు. జల్లి పరచి, రోలర్ తిప్పి, నీరు పోయే వాలు ఇస్తే చాలు.

ఇప్పుడు ఉత్సాహం తగ్గించే మాట కూడా చెప్పాలి. 140 కార్లు ఆగిపోతే ట్రాఫిక్ మాయమవుతుందని ఎవరూ అనుకోవద్దు. బాగా నడిచే హైవేలో ఒక్క వరుస మీదే గంటకు 1,800 నుంచి 2,000 వాహనాలు పోతాయి. అంటే మన ఎకరం ఆపగలిగేది నాలుగైదు నిమిషాల ప్రవాహాన్ని. రోడ్డుకు అది తెలియను కూడా తెలియదు. లాభం ఆ కార్ల యజమానులకే. హొసకోటె నుంచి మారతహళ్లికి రానూపోనూ 45 కిలోమీటర్లు అనుకుంటే మూడు లీటర్ల పెట్రోలు, మూడు వందల పైమాటే. నలుగురు పంచుకుంటే మనిషికి డెబ్బై ఎనభై. నెలకు ఐదు వేల దాకా మిగులుతుంది, పైగా నాలుగు రోజుల్లో మూడు రోజులు స్టీరింగు పట్టుకునే పని లేదు. ఊరిని ఉద్ధరించడానికని చెబితే ఎవరూ రారు. జేబు చూపించండి, వస్తారు.

హిందూపురం_అబ్బాయి
శనివారం, మధ్యాహ్నం 1.40

ఆదివారం తెల్లవారుజామున దమ్ బిర్యానీ కోసం బెంగళూరు నుంచి పరుగెత్తుకొచ్చే కార్లకు హొసకోటెలో జాగా దొరుకుతుంది. సోమవారం ఆఫీసుకు వెళ్లేవాడికి మాత్రం దొరకదు.

నిర్వాహకుడు
శనివారం, మధ్యాహ్నం 2.00

ప్లాట్ల ప్రకటన ఒకటి తొలగించాను. హొసకోటె పేరు ఎత్తగానే ఎవరో ఒకరు సైటు అమ్మడానికి తయారవుతారు. చర్చ కొనసాగించండి.

పసుపు_బోర్డు
శనివారం, సాయంత్రం 4.20

నేను టాక్సీ నడుపుతాను. రెండు కార్లు ఉన్నాయి, రెండింటికీ అప్పు ఉంది. మీరంతా కలిసి వెళ్లడం, పెట్రోలు మిగలడం అని హాయిగా మాట్లాడుకుంటున్నారు. నేను పర్మిట్ తీసుకుంటాను, ఫిట్‌నెస్ చేయిస్తాను, వాణిజ్య బీమా కడతాను, పన్ను కడతాను. తెల్ల నంబరు బోర్డున్న సొంత కారు అవేవీ కట్టకుండా యాప్‌లో మనుషులను ఎక్కించుకుని డబ్బు తీసుకుంటే దాన్ని పంచుకోవడం అంటున్నారు. నేను తీసుకుంటే కిరాయి.

2023 సెప్టెంబరు 11న బెంగళూరులో ప్రైవేటు రవాణా వాహనాల బంద్ జరిగింది, గుర్తుందా? అందులో మా కోర్కెల్లో ఇదీ ఒకటి. ఇప్పుడు హైవే పక్కన ప్రభుత్వ ఖర్చుతో స్టాండు కూడా కట్టిస్తే తెల్ల బోర్డు టాక్సీలకు అదే అడ్డా అవుతుంది. ఉదయం నలుగురు ఉద్యోగులు, పదింటి తరువాత తిరుపతి తిరుపతి అని అరుపులు. నేను చూడనివి కావు ఇవన్నీ.

సుధా_హెచ్ఎస్ఆర్
శనివారం, సాయంత్రం 4.45

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. ఆ బంద్ తరువాతే కదా కార్ పూలింగ్ నిషేధించారని పెద్ద గొడవ జరిగింది. చివరికి అది నిషేధమా, కాదా?

వకీలు_బనశంకరి
శనివారం, రాత్రి 8.10

నిషేధం కాదు. ఆ వార్తలు గుప్పుమన్నాక రవాణా మంత్రి రామలింగారెడ్డి వివరణ ఇచ్చారు. కలిసి ప్రయాణించడానికి అభ్యంతరం లేదు, తెల్ల బోర్డు వాహనాన్ని వ్యాపారానికి వాడటమే తప్పు అని. చట్టం కూడా అదే చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ లేకుండా వాహనాన్ని రవాణా వాహనంగా వాడకూడదు. వాడితే 192ఎ సెక్షన్ కింద పదివేల రూపాయల జరిమానాతో పాటు జైలు కూడా పడవచ్చు.

కేంద్రం 2020 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో సొంత కార్లలో పూలింగుకు దారి చూపింది. నగరంలో రోజుకు నాలుగు ప్రయాణాలు, ఊళ్ల మధ్య వారానికి రెండు, అంతకు మించకూడదని అప్పట్లో నియమం. అయితే రాష్ట్రం వద్దనుకుంటే వద్దనవచ్చని కూడా అందులో ఉండేది. ఫ్రాన్సులో ఈ చిక్కు లేకుండా చట్టంలోనే నిర్వచనం రాసుకున్నారు: డ్రైవరు ఎలాగూ తన పని మీద వెళ్తూ ఉండాలి, ఖర్చు పంచుకోవడం తప్ప లాభం ఉండకూడదు. మన చట్టంలో అంత తేటగా ఒక వాక్యం ఉంటే పసుపు బోర్డు గారికీ తెల్ల బోర్డు వారికీ ఈ తగవు ఉండేది కాదు.

కోలారు_రోడ్డు గారూ, మీ నలుగురికి అసలు ఈ గొడవే వద్దు. మీకు నాలుగు కార్లు ఉన్నాయి. వంతులు వేసుకోండి. సోమవారం మీ కారు, మంగళవారం మాలూరు వారిది, అలా. చేతులు మారే డబ్బు లేదు కాబట్టి కిరాయి అన్న మాటే పుట్టదు. యాప్ అక్కరలేదు, పర్మిట్ ప్రశ్న రాదు.

బీమా విషయం మాత్రం చూసుకోండి. సమగ్ర పాలసీ ఉంటే కారులో కూర్చున్నవారికి కూడా అది వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009లోనే కంపెనీలకు స్పష్టం చేసింది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్న సొంత కారులో ఉచితంగా కూర్చున్నవారికి ఆ రక్షణ లేదు. నలుగురి పాలసీలూ ఒకసారి తీసి చదవండి. పాలసీని ప్రమాదం జరిగాక చదవడం మనవాళ్ల అలవాటు.

పాత_ఇంజనీరు
శనివారం, రాత్రి 8.35

వకీలు గారు అసలు విషయం పట్టుకున్నారు. వంతుల పద్ధతి నడవాలంటే నలుగురూ తమ కార్లతో ఒక చోటికి రాగలగాలి. ఇంటింటికీ వెళ్లి ఎక్కించుకోవాలంటే కోలారు నుంచి వచ్చేవారు మాలూరు తిరిగి రావాలి, అది జరిగే పని కాదు. కాబట్టి డబ్బు లేకుండా, చట్టంతో పేచీ లేకుండా కలిసి వెళ్లడానికి కావలసినది ఆ మూడు కార్ల జాగా ఒక్కటే. అది లేకపోవడం వల్లే జనం యాప్‌లకూ డబ్బుకూ పోతున్నారు.

వర్జీనియా_రమ
ఆదివారం, ఉదయం 7.50

చాలా ఏళ్లు వాషింగ్టన్ దగ్గర వర్జీనియాలో ఉండి వచ్చాను. ఇప్పుడు కాడుగోడిలో ఉంటున్నాను. అక్కడ ఒక వింత ఉంది. ముక్కూమొహం తెలియనివారు కూడా రోజూ కలిసి ఆఫీసుకు వెళ్తారు, ఒక్క సెంటు మారదు.

1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అక్కడి షిర్లీ హైవేలో బస్సులకు కేటాయించిన వరుసలను నలుగురున్న కార్లకు కూడా తెరిచారు. తరువాత ముగ్గురు చాలన్నారు. ఒంటరి డ్రైవరుకు ఆ వరుస కావాలి, కానీ మనుషులు లేరు. బస్సు కోసం నిలబడినవారికి త్వరగా వెళ్లాలని ఉంది, కానీ కారు లేదు. ఇద్దరి అవసరమూ కలిసింది. హైవే పక్కన పార్కింగు స్థలాల్లో జనం వరుసలో నిలబడతారు. కారు వచ్చి ఆగి, డ్రైవరు వెళ్లే చోటు చెబుతాడు, వరుసలో ముందున్న ఇద్దరు ఎక్కుతారు. వుడ్‌బ్రిడ్జ్ దగ్గర హోర్నర్ రోడ్డు పార్కింగులో రెండు వేలకు పైగా కార్లు పడతాయి.

రాసిపెట్టని నియమాలు కొన్ని ఉన్నాయి. డబ్బు ఇవ్వకూడదు. డ్రైవరు మాట కలిపితే తప్ప మాట్లాడకూడదు. సుధ గారు అడగబోయేది ఇదేనని నా అనుమానం: వరుసలో ఒక మహిళను ఒంటరిగా వదిలి మిగిలినవారు కారెక్కకూడదు. చివర మిగిలింది ఒక మగవాడూ ఒక స్త్రీ అయితే ముందు ఆమెను ఎక్కించాలి. ఇది ఏ పోలీసూ పెట్టిన నియమం కాదు.

ఇక్కడ మనకు ఆ వరుస లేదు. 2019లో ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులకు విడిగా వరుస పెట్టారు. మెట్రో పనులు మొదలయ్యాక అది పోయింది. టోల్ చూడండి, 2025 ఆగస్టు 15 నుంచి ఏడాదికి 200 ప్రయాణాల ఫాస్టాగ్ పాస్ ఇస్తున్నారు, మొదట్లో దాని ధర 3,000 రూపాయలు. సొంత కారు ఉంటే చాలు, అందులో ఒక్కరున్నా నలుగురున్నా అదే రాయితీ. నలుగురున్న కారుకు ఒక్క రూపాయి తగ్గించి చూపించినా ఈ పార్కింగు స్థలాలు వాటంతట అవే పుట్టుకొస్తాయి.

సుధా_హెచ్ఎస్ఆర్
ఆదివారం, ఉదయం 9.15

రమ గారూ, సరిగ్గా అదే అడగబోయాను. మగవారు ఎకరాలూ జల్లీ లెక్కపెట్టారు. రాత్రి ఎనిమిదిన్నరకు హైవే పక్కన చీకట్లో నలుగురూ దిగాక ముగ్గురు తమ తమ కార్ల వైపు నడుస్తారు. చింతామణి రోడ్డుకు వెళ్లే ఆమె కారు మూలన ఉంటే? నాకు కావలసినవి చెబుతాను. స్తంభానికి స్తంభానికి మధ్య చీకటి ఉండకూడదు. రోడ్డు మీద నుంచి లోపల కనిపించాలి, గోడ కట్టి దాచకూడదు. కాపలా మనిషి ఒకరు నిద్రపోకుండా ఉండాలి. ఆడవారి కార్లు గేటు పక్కన. అందరి కార్లూ స్టార్ట్ అయ్యాకే ఎవరైనా కదలాలి. మరుగుదొడ్డి కూడా. నేను అడగకపోతే దాని గురించి ఎవరూ రాయరు.

కోలారు_రోడ్డు
ఆదివారం, ఉదయం 9.40

మీరు రాసింది మా చింతామణి రోడ్డు ఆమెకు చూపించాను. మొత్తం ఒప్పుకున్నారు. స్టార్ట్ అయ్యాకే కదలాలన్నది రేపటి నుంచే పెట్టుకోవచ్చన్నారు, దానికి జాగా కూడా అక్కరలేదట.

మదనపల్లె_మహేశ్
ఆదివారం, ఉదయం 10.30

ప్రభుత్వం కట్టేదాకా ఎందుకు ఆగాలి? పాత మద్రాసు రోడ్డు పొడవునా కల్యాణ మంటపాలు ఉన్నాయి. ఒక్కొక్కదాని ముందు నూరు, నూటయాభై కార్లు పట్టే ఖాళీ స్థలం. దీపాలున్నాయి, కాపలా ఉంది, సుధ గారు అడిగిన మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. ముహూర్తం లేని రోజుల్లో అక్కడ కుక్కలు పడుకుంటాయి. మా మామయ్యకు హొసకోటె అవతల ఒక మంటపం ఉంది. అడిగి చూస్తాను.

పాత_ఇంజనీరు
ఆదివారం, ఉదయం 10.50

భేష్. నాకు తట్టలేదు. పైగా వాటికి హైవే మీదకు తెరిచే దారి ఎలాగూ ఉంటుంది. కొత్త స్థలమైతే జాతీయ రహదారి మీదకు దారి తెరవడానికి విడిగా అనుమతి తెచ్చుకోవాలి, దానికే ఏళ్లు పడుతుంది.

సుధా_హెచ్ఎస్ఆర్
ఆదివారం, ఉదయం 11.05

ప్రైవేటు స్థలం పంచుకోవడం అంత సులభమా? 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సర్జాపుర రోడ్డులోని విప్రో ఆవరణలోంచి కొన్ని వాహనాలను పోనివ్వమని అజీమ్ ప్రేమ్‌జీకి లేఖ రాశారు. అది ప్రత్యేక ఆర్థిక మండలి, ప్రవేశానికి కట్టుదిట్టమైన నిబంధనలు ఉన్నాయి, పైగా స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ ఆస్తి, కుదరదు అని ఆయన మర్యాదగా చెప్పారు. ట్రాఫిక్ మీద నిపుణుల అధ్యయనానికి అయ్యే ఖర్చులో పెద్ద భాగం పెట్టుకుంటామన్నారు.

వకీలు_బనశంకరి
ఆదివారం, ఉదయం 11.30

అక్కడ అడిగింది అందరికీ దారి. ఇక్కడ అడుగుతున్నది తెలిసిన కార్లకు పగటి పూట చోటు, అద్దె ఇచ్చి. రెండూ వేరు. కార్ల నంబర్లు, యజమానుల పేర్లు రాసిన కాగితం మీద సంతకాలు పెట్టించుకోండి. ఉదయం ఎన్నింటి నుంచి రాత్రి ఎన్నింటి దాకా అన్నది రాయండి. గీతలు పడినా వస్తువులు పోయినా మంటపానికి బాధ్యత లేదన్న మాట రాయమని వారే అడుగుతారు, దానికి ముందే సిద్ధపడండి.

మదనపల్లె_మహేశ్
ఆదివారం, రాత్రి 7.20

మామయ్యతో మాట్లాడాను. మొదట నవ్వాడు. తరువాత పంచాంగం తెరిచాడు.

ఆషాఢం, భాద్రపదం, పుష్యం మొత్తం మీదేనంటున్నాడు. మూఢం వస్తే అదీ మీదే. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో మాత్రం తేదీలు చూడాలి. చిక్కు పెళ్లి రోజున కాదట. ముహూర్తం చాలాసార్లు పొద్దున్నే, సాయంత్రానికి మంటపం ఖాళీ. అసలు చిక్కు ముందు రోజు. కర్ణాటక పెళ్లిళ్లలో రిసెప్షన్ ముందు రోజు సాయంత్రమే పెట్టుకుంటారు. ఆరున్నరకు బంధువుల కార్లు రావడం మొదలవుతుంది, మీరేమో ఎనిమిదిన్నరకు గానీ రారు. పెళ్లికూతురి తండ్రి కారుకు జాగా లేక మీ కారు అడ్డం ఉంటే, డబ్బు కట్టినవాడు ఆయన, మీరు కాదు. కాబట్టి బుకింగ్ ఉన్న తేదీలు నెల ముందే ఇస్తాడట. ఆ రోజుల్లో మీ దారి మీరు చూసుకోవాలి.

నెలకు కారుకు 700 అడుగుతున్నాడు. మూడు కార్లకు కాదు, నాలుగింటికీ. ఏ రోజు ఏ కారు వస్తుందో ఆయన లెక్కపెట్టడట.

హిందూపురం_అబ్బాయి
ఆదివారం, రాత్రి 7.35

మూఢంలో కారు పెట్టవచ్చా, ముందు అది అడగండి.

వర్జీనియా_రమ
ఆదివారం, రాత్రి 7.50

రెండు మంటపాలతో మాట్లాడుకుంటే? ఒకే ముహూర్తానికి రెండూ నిండుతాయి, నిజమే. అయితే రెండోది మంటపం కాకుండా ఇంకేదైనా ఉండాలి. వారం రోజులూ ఖాళీగా ఉండి ఆదివారం మాత్రమే నిండే చోటు. చర్చి ఆవరణ ఉందా ఆ పక్కన?

మదనపల్లె_మహేశ్
ఆదివారం, రాత్రి 8.05

పెళ్లిళ్లకు మంటపం, ఆదివారాలకు చర్చి. బాగుంది. కనుక్కుంటాను.

కోలారు_రోడ్డు
ఆదివారం, రాత్రి 8.40

700కు మేము సిద్ధం. ఒక్కటే భయం మిగిలింది. మాలూరు ఆయనకు కొన్ని రాత్రులు పని తెగదు. మిగతా ముగ్గురం వెళ్లిపోతే ఆయన హొసకోటెకు ఎలా చేరాలి? కె.ఆర్. పురం దాకా ఏదో పట్టుకుని అక్కడి నుంచి బీఎంటీసీ బస్సు ఎక్కవచ్చు గానీ, రాత్రి పదకొండుకు?

వర్జీనియా_రమ
ఆదివారం, రాత్రి 8.55

వాషింగ్టన్‌లో ఇందుకే ఒక పథకం ఉంది. కలిసి వచ్చేవారు పేరు నమోదు చేసుకుంటే, అత్యవసరంగా ఇంటికి వెళ్లాల్సి వచ్చినా, చెప్పకుండా పని మీద పడి ఆలస్యమైనా, ఏడాదికి కొన్నిసార్లు ఉచితంగా టాక్సీ పంపుతారు. వాడుకునేవారు తక్కువే. ఆ భరోసా లేకపోతే మాత్రం చాలామంది అసలు మొదలే పెట్టరు. మీ కంపెనీకి రాత్రి షిఫ్టుల క్యాబ్‌లు ఉంటే అందులో ఒక సీటు అడగండి.

పసుపు_బోర్డు
ఆదివారం, రాత్రి 9.30

వంతుల పద్ధతికి నాకు పేచీ లేదు. ఎవరి కారు వారిది, డబ్బు లేదు. ఆ కాగితం మీద నాలుగు నంబర్లే ఉండాలి, ఐదో నంబరు కనిపిస్తే నేనే ఫోన్ చేసి చెబుతాను, చెప్పాల్సిన చోటికి.

మాలూరు ఆయన సంగతి. నా రెండో కారు రాత్రి మహాదేవపురలో నిలుస్తుంది. పది తరువాత హొసకోటె మంటపం దాకా తీసుకెళ్తాను. మామూలు ధరే, స్నేహం ధర కాదు. వెళ్లాక తిరుగు బేరం దొరకదు కాబట్టి వెనక్కి వచ్చే పెట్రోలు కూడా అందులో ఉంటుంది. నలుగురూ పంచుకుంటారో ఆయనే ఇస్తాడో మీ ఇష్టం. గంట ముందు చెప్పాలి.

కోలారు_రోడ్డు
ఆదివారం, రాత్రి 9.50

నలుగురం పంచుకుంటాం. ఆయన ఒక్కడి మీద వేస్తే రెండో నెలకే కారులో వచ్చేస్తాడు.

మహేశ్ గారూ, మామయ్యను ఇంకో రెండు అడగండి. గేటు ఉదయం ఏడున్నరకు తెరిచి ఉంటుందా? ప్రవేశం దగ్గర అడ్డ కమ్మీ పెట్టుకోవచ్చా, ఖర్చు మాదే.

మదనపల్లె_మహేశ్
ఆదివారం, రాత్రి 10.15

గేటు ఆరింటికే తెరుస్తారు, పాలవాడు వస్తాడు. కమ్మీ కుదరదు. వంట సామాను లారీ, షామియానా లారీ ఆ గేటులోంచే రావాలి. గొలుసు వేసి తాళం ఇస్తానంటున్నాడు, ఒక్కటే తాళం చెవి. ముందు వచ్చేవారి దగ్గర ఉండాలి. మీలో ముందు వచ్చేది ఎవరు?